చెరువు చేప, ఊరి తిండి: వరంగల్ వైపు మత్స్య సంఘాలు తరచుగా అడిగే ప్రశ్నలు

వరంగల్, హనుమకొండ, ములుగు, మహబూబాబాద్, జనగామ, భూపాలపల్లి, ఆ పైన కరీంనగర్, పెద్దపల్లి దాకా ఊరచెరువుల మీద, కుంటల మీద బతికే సంఘాల కోసం ఈ ప్రశ్నలు, జవాబులు. వేరే చెప్పకపోతే ఇందులోని లెక్కలన్నీ దాణా వేయని ఊరచెరువుకు సంబంధించినవే.

చెరువులో చేపలు వాటంతట అవే పుట్టవా? ఏటా పిల్ల ఎందుకు వేయాలి?

కొన్ని పుడతాయి, కొన్ని పుట్టవు. కట్ల (బొచ్చె), రవ్వ, మ్రిగాల నది చేపలు. కొత్త నీరు ఉరవడిగా పారుతుంటే తప్ప అవి గుడ్లు పెట్టవు. నిలిచిన నీళ్లలో ఆడచేప కడుపు నిండా గుడ్లతో తిరుగుతుంది గానీ వదలదు. కొన్నాళ్లకు ఆ గుడ్లు ఒంట్లోనే కరిగిపోతాయి. 1957 జులై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి, అలికున్హి అనే శాస్త్రవేత్తలు కలిసి పిట్యూటరీ గ్రంథి రసాన్ని సూదితో ఎక్కించి ఈ చేపల చేత గుడ్లు పెట్టించారు. అందుకే ఏటా జులై 10ని జాతీయ మత్స్య రైతుల దినోత్సవంగా జరుపుతారు. ఇవాళ మన చెరువుల్లోకి వచ్చే పిల్ల అంతా ఆ దారిలో హ్యాచరీల్లో (చేపపిల్లలను పుట్టించే కేంద్రాల్లో) పుట్టినదే.

బంగారు తీగ, కొర్రమీను, మట్టగిడస, మార్పు (మాగూర్ చేప), జెల్ల, పరకలు మాత్రం చెరువులోనే పుట్టి చెరువులోనే పెరుగుతాయి. వీటికి పిల్ల కొనే పని లేదు. తల్లులను, అవి గుడ్లు పెట్టే చోటును కాపాడితే చాలు.

కాబట్టి చెరువులో రెండు పంటలున్నాయి. వేసిన చేప ఒకటి, పుట్టిన చేప ఒకటి. వేసిన చేపను పూర్తిగా పట్టుకోవచ్చు, మళ్లీ ఏడు పిల్ల వస్తుంది. పుట్టిన చేపను పూర్తిగా పడితే మళ్లీ ఏడు ఏమీ ఉండదు. సంఘాల్లో వచ్చే తగాదాలు, చెరువులు గొడ్డుపోవడాలు చాలావరకు ఈ రెంటినీ ఒకే గాటన కట్టడం వల్ల వస్తున్నవే.

పిల్ల ఏ నెలలో వేయాలి?

మత్తడి (చెరువు నిండాక నీళ్లు పొర్లిపోయే చోటు) దుంకడం ఆగాక. మన దగ్గర సాధారణంగా ఆగస్టు చివరి నుంచి సెప్టెంబరు లోపు. జులైలో చెరువు సగం నిండగానే తొందరపడి వేస్తే తర్వాతి పెద్ద వానకు పిల్ల మత్తడి మీదుగా కింది చెరువులోకి పోతుంది. గొలుసుకట్టు చెరువుల్లో పై ఊరి పిల్ల కింది ఊరికి చేరడం కొత్త సంగతి కాదు.

ఆలస్యం చేసినా నష్టమే. పాకాల, రామప్ప, లక్నవరం లాంటి పెద్ద చెరువుల్లో ఏడాది పొడుగునా నీరుంటుంది గనుక అక్టోబరులో వేసినా కొంత నిభాయిస్తుంది. మార్చికే ఎండిపోయే కుంటలో నవంబరులో వేస్తే చేపకు దొరికేది నాలుగు నెలలు. అందులో రెండు నెలలు చలి. చలినీళ్లలో కార్పు జాతి చేప (కట్ల, రవ్వ లాంటివి) మేత తగ్గిస్తుంది, బరువు పెరగదు. నవంబరు వచ్చాక కుంటలో పిల్ల వేయకపోవడమే మంచిది. ఆ పిల్లను దగ్గరలో నీళ్లు నిలిచే చెరువుకు ఇచ్చి అక్కడి సంఘంతో వాటా మాట్లాడుకోవచ్చు.

ఎంత సైజు పిల్ల? ఎన్ని వేయాలి?

సైజే అసలు సంగతి. మన దగ్గర రెండు సైజులు వస్తాయి: 35 నుంచి 40 మిల్లీమీటర్లది, 80 నుంచి 100 మిల్లీమీటర్లది. మొదటిది చిటికెన వేలి సగం ఉంటుంది. చెరువులో ఉన్న కొర్రమీనుకు, వాలుగకు, నీటికాకికి అది ఒక్క గుటక. రెండోది చూపుడు వేలంత పొడవు, వెన్ను గట్టిగా ఉంటుంది, తప్పించుకుంటుంది.

ఉదాహరణకు 10,000 పిల్లలు వేశారనుకుందాం. చిన్న సైజులో నూటికి 10 బతికితే 1,000 చేపలు. పెద్ద సైజులో నూటికి 40 బతికితే 4,000. ఒక్కోటి 700 గ్రాములకు వచ్చిందంటే మొదటి లెక్కన 700 కిలోలు, రెండో లెక్కన 2,800 కిలోలు. చిన్న పిల్ల చవకగా వచ్చిందని సంతోషపడే ముందు ఈ లెక్క వేసుకోవాలి. చిన్నదే దొరికితే నేరుగా చెరువులో వదలకండి. కట్ట పక్కన చిన్న గుంటలోనో, దోమతెర గుడ్డతో కుట్టి నీళ్లలో కట్టే హాపా సంచిలోనో నెలా నెలన్నర తవుడు, వేరుశనగ చెక్క సమానంగా కలిపి మేపి, నాలుగు అంగుళాలకు వచ్చాక వదలండి.

ఇక సంఖ్య. ఊరచెరువులో ఎకరం నీటికి 1,000 నుంచి 1,200 పెద్ద సైజు పిల్లలు సరిపోతాయి. ఎకరాలు లెక్కపెట్టేటప్పుడే పొరపాటు జరుగుతుంది. చెరువు నిండుగా ఉన్నప్పటి శిఖం (నీళ్లు పరుచుకునే భూమి) మొత్తాన్ని లెక్కలోకి తీసుకుంటారు. జనవరి నాటికి పొలాలకు తూము వదిలాక నీరు ఎంత మేర నిలుస్తుందో అదే అసలు విస్తీర్ణం. నిండితే 40 ఎకరాలు, జనవరికి 22 ఎకరాలు అయితే పిల్ల 22 ఎకరాలకే వేయాలి. ఎక్కువ వేస్తే చేప ఎక్కువ రాదు. తలలు పెద్దవిగా, ఒళ్లు సన్నగా ఉన్న పావుకిలో చేపలు వస్తాయి. పెద్ద రిజర్వాయర్లలో మేత పలచగా ఉంటుంది కాబట్టి ఎకరానికి 100 నుంచి 400 దాకా చాలు. విస్తీర్ణం పెరిగినకొద్దీ ఈ సంఖ్య తగ్గాలి.

ఏ రకం ఎంత పాలు కలపాలి?

కట్ల పైనీళ్లలో, రవ్వ నడిమి నీళ్లలో, మ్రిగాల, బంగారు తీగ అడుగున మేస్తాయి. లోతున్న చెరువుకు నూటికి కట్ల 40, రవ్వ 30, మ్రిగాల 30. లోతు ఆరడుగులు దాటని కుంటకు కట్ల తగ్గించి మ్రిగాల, బంగారు తీగ పెంచాలి. నాచు, గడ్డి బాగా ఉన్నచోట నూటికి ఐదు గడ్డి చేపలు వేస్తే కలుపు తీసే కూలి మిగులుతుంది. అయితే తామర గింజల మీద, తూటికూర మీద ఎవరైనా బతుకుతుంటే వాళ్లనడిగే వేయండి.

పిల్ల లారీ వచ్చిన రోజు ఏం చేయాలి?

ఏడాది పంట ఆ రెండు గంటల్లో తేలుతుంది. పిల్ల చచ్చిపోయిన సంగతి ఆ రోజు తెలియదు. చచ్చినవి అడుగుకు పోతాయి, మూడోనాడు కొన్నే పైకి తేలుతాయి. సంఘం మాత్రం మార్చిలో వల వేసినప్పుడు గానీ గుర్తుపట్టదు.

ముందుగా సమయం. పొద్దున ఎనిమిది లోపు, లేదా సాయంత్రం ఐదు తర్వాతే దింపుకోండి. మిట్టమధ్యాహ్నం లారీ వస్తే చెట్టు నీడన ఆపించి, ఆక్సిజన్ ఆగకుండా చూసుకోవాలి.

రెండోది సైజు. ఏ సంచిలోదైనా 20 పిల్లలను తడి పళ్లెంలో పోసి స్కేలు పక్కన పెట్టి కొలవండి. 80 మిల్లీమీటర్లని చెప్పిన సరుకులో సగం 50 ఉంటే అక్కడే కాగితం మీద రాయించుకోండి. ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.

మూడోది సంఖ్య. చిల్లుల గ్లాసుతో వేర్వేరు సంచుల నుంచి మూడు సార్లు తీసి ఒక్కొక్కటి లెక్కపెట్టండి. మూడింటి సగటును మొత్తం గ్లాసులతో హెచ్చవేస్తే సంఖ్య తెలుస్తుంది. మొదటి గ్లాసు ఒక్కదాన్నే లెక్కపెట్టి ఒప్పుకోవద్దు. గ్లాసు నింపే చేయి ప్రతిసారీ ఒకేలా ఉండదు.

నాలుగోది నీళ్లకు అలవాటు చేయడం. సంచిని మూతి విప్పకుండా చెరువులో 15 నుంచి 20 నిమిషాలు తేలనివ్వాలి. అప్పుడు లోపలి నీరు, బయటి నీరు ఒకే వేడికి వస్తాయి. తర్వాత మూతి విప్పి చెరువు నీళ్లు కొద్దికొద్దిగా సంచిలోకి పోస్తూ మరో పది నిమిషాలు ఆగాలి. ఆపైన సంచిని ఒరగబెట్టి వదిలేస్తే బలమున్న పిల్ల తానే ఈదుకుంటూ పోతుంది. సంచిని ఎత్తి గుమ్మరించకండి. ఈదకుండా పక్కకు ఒరిగి ఉన్నవి ఎన్నో చూడండి, అదే ఆ సరుకు ఆరోగ్యం.

ఐదోది చాలామంది చేయనిది, మేము గట్టిగా చెప్పేది. ఒక చిన్న హాపా కట్టి అందులో 100 పిల్లలను వేసి ఒక రోజంతా ఉంచండి. మర్నాడు అదే వేళకు ఎన్ని చచ్చాయో లెక్కపెడితే మొత్తం సరుకులో ఎంత పోయిందో అంచనా దొరుకుతుంది. 100లో 30 పోతే చెరువులో కూడా దాదాపు అంతే పోయిందని అర్థం. మళ్లీ పిల్ల తెచ్చుకోవడానికి అప్పటికింకా సమయం ఉంటుంది.

ఒకేచోట అంతా వదలకండి. కట్ట వెంట నాలుగైదు చోట్ల, తూముకు, మత్తడికి దూరంగా వదలండి.

మత్తడికి జాలి కడితే చేప ఆగుతుందా?

ఆగుతుంది, జాలిని రోజూ కడిగితే. వానకు కొట్టుకొచ్చిన ఆకు, గుర్రపుడెక్క జాలికి పట్టి గోడలా మారితే నీళ్లు కట్ట మీదికి ఎక్కుతాయి. కట్ట తెగితే చేపే కాదు, కింది పొలాలు, ఇళ్లు పోతాయి. జాలిని మత్తడి రాతికి అంటించి కాకుండా కొన్ని గజాలు ముందుకు, నీళ్లు నెమ్మదిగా ఉన్నచోట వంపుగా కట్టండి. పెద్ద వాన హెచ్చరిక వచ్చిన రాత్రి జాలి తీసేయడానికి ఇద్దరిని కట్ట మీద ఉంచండి. చేప పోతే పోనీయండి.

తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. రోగమా?

చాలావరకు రోగం కాదు, ఊపిరాడక. నీళ్లలోని నాచు, సూక్ష్మజీవులు పగలు ఎండలో ప్రాణవాయువును ఇస్తాయి, రాత్రి అవే తీసుకుంటాయి. అందుకే తెల్లవారుజామున నాలుగు నుంచి ఆరు మధ్య నీళ్లలో ప్రాణవాయువు అట్టడుగున ఉంటుంది. లీటరుకు 5 మిల్లీగ్రాములు ఉంటే చేప హాయిగా ఉంటుంది. 3 కన్నా తగ్గితే పైకి వస్తుంది. రెండు మూడు రోజులు మబ్బు పట్టినా, ఊరి మురుగు చెరువులో కలిసినా, ఎండాకాలం నీళ్లు పలచబడినా ఇదే జరుగుతుంది. వెండి చేప (సిల్వర్ కార్పు), కట్ల ముందుగా పైకి వస్తాయి. కొర్రమీను పైగాలి పీల్చుకోగలదు కనుక నింపాదిగా ఉంటుంది. అన్నీ తేలుతూ కొర్రమీను మాత్రం మామూలుగా తిరుగుతుంటే కారణం గాలేనని దాదాపు తేల్చుకోవచ్చు.

అప్పటికప్పుడు మోటారు పెట్టి చెరువు నీళ్లనే ఎత్తి పైనుంచి చిమ్మించండి. పుట్టి వేసుకొని తెడ్లతో నీళ్లు కొట్టినా కొంత మేలు. ఎరువు, మేత ఏదైనా వేస్తుంటే ఆపేయండి. ఎండ బాగా ఎక్కాక కూడా చేపలు కిందికి దిగకపోతే అది వేరే కారణం. ఒక సీసాలో నీళ్లు, రెండు బతికున్న చేపలు తీసుకొని మత్స్యశాఖ అధికారి దగ్గరికో, మామునూరు కృషి విజ్ఞాన కేంద్రానికో వెళ్లండి.

నీళ్ల బలం తెలుసుకోవడానికి పరికరం అక్కర్లేదు. ఎండపూట మోచేయి దాకా చేయి నిలువుగా ముంచండి. అరచేయి మసకబారి కనపడకుండా పోతే మేత సరిగ్గా ఉన్నట్టు. మణికట్టు మునగగానే కనపడకపోతే నీరు మరీ చిక్కనైంది, గాలి కరువు దగ్గర్లో ఉంది. భుజం దాకా ముంచినా వేళ్లు కనపడితే మేత లేదు. వాన బురద కలిసిన ఎర్రనీళ్లకు ఈ పరీక్ష పనికిరాదు.

ఊరచెరువులో పేడ, దాణా వేయవచ్చా?

పశువులు తాగే, మనుషులు దిగే చెరువులో వద్దు. అంత నీటికి దాణా వేస్తే డబ్బు తిరిగి రాదు కూడా. దాణా సొంత గుంటల పని.

ఎండాకాలంలో అడుగు దాకా తోడి పట్టేస్తే తప్పేంటి? నీళ్లు ఎలాగూ ఎండిపోతాయి కదా?

పూర్తిగా ఎండిపోయే కుంట అయితే వేసిన చేపను అంతా పట్టుకోవలసిందే. కానీ చాలా చెరువుల్లో తూము మట్టానికి కింద కొంత నీరు మిగులుతుంది. చెరువుల మరమ్మతు పథకం మిషన్ కాకతీయలో పూడిక తీసినచోట లోతు గుంటలు కూడా ఏర్పడ్డాయి. కొర్రమీను, మార్పు, జెల్ల, పరకల తల్లులు ఏప్రిల్, మే నెలలు గడిపేది అక్కడే. ఆ మడుగుకు మోటారు పెట్టి తోడితే ఒక్క రోజు రెండు మూడు క్వింటాళ్లు దొరుకుతుంది, మరుసటి వానాకాలం పరక కూడా కనపడదు.

మా సలహా ఇది. చెరువులో అన్నిటికన్నా లోతైన మూలను సంఘం తీర్మానం చేసి వదిలేయండి. నీటి విస్తీర్ణంలో పదో వంతు చాలు. మార్చిలోనే అందులో తుమ్మకంప, పాత మొద్దులు వేయండి. కంప ఉన్నచోట వల చిరుగుతుంది కాబట్టి రాత్రిపూట దొంగవల పడదు. కంపకు పట్టిన పాకుడు చేపకు మేత, నీడ అవుతుంది.

వల కన్ను ఎంత ఉండాలి?

వేసిన చేప కోసం, కన్నును లాగి పట్టుకొని మూల నుంచి మూలకు కొలిస్తే నాలుగు అంగుళాలకు తగ్గని నిలువు వల. ఈ కన్నులోంచి అరకిలో లోపు చేప జారిపోతుంది. జనవరిలో 300 గ్రాములున్న కట్ల మేత బాగుంటే ఏప్రిల్‌కు 800 దాటుతుంది. జనవరిలో 1,000 చేపలు పడితే 3 క్వింటాళ్లు. అవే ఏప్రిల్‌లో పడితే మధ్యలో నూటికి 15 పోయాయనుకున్నా 850 చేపలు, 6 క్వింటాళ్ల 80 కిలోలు. సంక్రాంతికి డబ్బు అవసరమని ముందే పట్టే సంఘాలు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. అడ్వాన్సు ఇచ్చిన వ్యాపారి తొందరపెడితే ఈ లెక్క సభ్యుల ముందు నేల మీద రాసి చూపించండి.

దోమతెర లాంటి సన్నకన్ను వలతో చెరువంతా లాగడం ఏ కాలంలోనూ వద్దు.

మందు పోసి, తోటా పేల్చి పట్టేవాళ్లను ఏం చేయాలి?

1897 నాటి భారత మత్స్య చట్టం రోజుల నుంచే ఇది నేరం. తోటా పేలితే చచ్చిన చేపలో చాలా భాగం అడుగుకు పోయి కుళ్లుతుంది, దొరికేది కొంతే. మందు పోసి పట్టిన చేపను తిన్నవాళ్లకూ ప్రమాదమే, ఆ నీళ్లు తాగిన పశువులకూ ప్రమాదమే. సంఘం రాతపూర్వకంగా పోలీసులకు, మత్స్యశాఖకు ఫిర్యాదు చేయాలి. సర్పంచ్ సంతకం కూడా తీసుకుంటే బలం.

కొర్రమీను మన రాష్ట్ర చేప కదా, చెరువుల్లో ఎందుకు తగ్గిపోతోంది?

దాన్ని పట్టే కాలం తప్పు కావడం ఒకటి, అది గుడ్లు పెట్టే చోటు పోవడం ఒకటి.

తొలకరి పడ్డాక కొర్రమీను జంట గట్టు పక్కన తుంగలో గడ్డిని పక్కకు నెట్టి గుండ్రంగా తావు చేసుకొని గుడ్లు పెడుతుంది. పిల్లలు లేచాక నీటిమీద ఎర్రగా, నారింజ తొక్కల్లా గుంపుగా కదులుతుంటాయి. ఆ గుంపు ఒక్కసారిగా మునిగి మళ్లీ తేలుతుంటుంది. దాని కింద రెండు మూడడుగుల్లో తల్లో తండ్రో కాపలా ఉంటుంది. కప్ప దగ్గరికొచ్చినా, కర్ర పెట్టినా మీదికి వస్తుంది. గాలం వేసేవాళ్లకు అది తెలుసు కాబట్టి ఆ ఎర్ర గుంపు మధ్యే కప్పను ఆడిస్తారు. కాపలా చేప వెంటనే పడుతుంది. ఆ సాయంత్రానికల్లా పిల్లల గుంపును జెల్లలు, పరకలు, కొంగలు ఖాళీ చేస్తాయి. ఒక్క చేప కోసం వందల పిల్లలు పోతాయి.

కాబట్టి సంఘం పెట్టుకోవలసిన మొదటి నియమం: ఎర్ర పిల్లల గుంపు ఉన్నచోట గాలం వేయకూడదు. రెండోది, శిఖం అంచున తుంగను మొత్తం పీకేయకూడదు. గుర్రపుడెక్క తీయండి, తుంగ కొంత ఉంచండి. శిఖం భూమి ఆక్రమణకు గురైతే ముందుగా పోయేది ఈ అంచే. అందుకే శిఖం కోసం కొట్లాడటం చేప కోసం కొట్లాడటమే.

మృగశిర కార్తె నాడు చేప తినాలంటారు. అప్పుడే గుడ్ల కాలమని మీరంటున్నారు. మరెలా?

జూన్ 7, 8 తేదీల్లో వచ్చే మృగశిర రోజు తెలంగాణలో చేప వండని ఇల్లు తక్కువ. ఆ ఆచారాన్ని మానమని మేము చెప్పం. కానీ ఆ రోజు ఏం జరుగుతోందో చూడండి. తూర్పు తీరంలో మర పడవలకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. పడమటి తీరంలో జూన్ 1 నుంచి జులై 31 దాకా. అంటే మృగశిర నాడు రెండు తీరాల్లోనూ పెద్ద పడవలు ఒడ్డునే ఉంటాయి. మన చెరువుల్లో ఏడాది మొత్తంలో నీరు అతి తక్కువగా ఉండేది అప్పుడే. కొర్రమీను, మార్పు కడుపుతో ఉండేది అప్పుడే. మిగిలిన తల్లుల మీదే ఊరంతటి ఆకలి పడుతుంది.

దారి ఉంది. మే చివరి దాకా నీరుండే చెరువులో వేసిన రవ్వను, కట్లను కొంత పట్టకుండా మృగశిరకు ఆపుకోండి. ఆ రోజు ధర కూడా బాగుంటుంది. వేసిన చేపను అమ్మండి, పుట్టిన చేప తల్లిని వదలండి. కడుపు ఉబ్బిన కొర్రమీను వలలో పడితే తడిచేత్తో తీసి మడుగులో వదిలేయాలని తీర్మానం రాసుకున్న సంఘానికి రెండేళ్లలో తేడా తెలుస్తుంది.

పరకలు, చిన్న చేపలు పనికిరానివి కదా? వాటిని తీసేస్తే కట్ల బాగా పెరుగుతుందంటారు.

సొంత గుంటలో దాణా పెట్టి పెంచేవాళ్లకు అది నిజం. ఊరచెరువులో అది పెద్ద తప్పు. పరకను తల, ముల్లుతో సహా తింటారు. అందువల్ల ఎముకకు కావలసిన కాల్షియం, ఇనుము, కంటికి కావలసిన ఎ విటమిన్ ఒంట్లో చేరతాయి. రవ్వ ముక్కలో మాంసకృత్తులు నూటికి 17 దాకా ఉంటాయి గానీ ముల్లు తీసి పారేస్తాం. బంగ్లాదేశ్‌లో మోల అనే చిన్న చేపను కార్పులతో కలిపి చెరువుల్లో పెంచారు. కార్పు దిగుబడి దెబ్బతినలేదు, ఇంటి కూరకు ఎ విటమిన్ దొరికింది.

ఇంకో సంగతి. రెండు కిలోల కట్ల అమ్మకానికి పట్నం పోతుంది. పావుకిలో పరకలు ఊళ్లోనే పులుసు అవుతాయి. కూలింటి పిల్లలకు, బాలింతలకు అందే చేప ఇదే. వారానికి రెండు రోజులు, సన్నకన్ను విసురు వలతో, ఒడ్డు పక్కన మాత్రమే, జూన్ నుంచి ఆగస్టు వదిలి మిగతా నెలల్లో పరకలు పట్టుకోనివ్వండి. ఆ చేపకు వేలం పెట్టకండి.

జిలేబి, థాయ్ మాంగూర్ తొందరగా పెరుగుతాయి కదా, వేయమంటారా?

వద్దు. థాయ్ మాంగూర్ పేరుతో అమ్మే ఆఫ్రికా మార్పును కేంద్రం 2000లోనే నిషేధించింది. అది తోటి చేపలను తింటుంది, తడి నేల మీద పాకి పక్క చెరువుకూ పోతుంది. జిలేబి నోట్లో గుడ్లు పొదుగుతుంది, ఏడాదికి పలుమార్లు పిల్లలు చేస్తుంది. చెరువు నిండా అరచేతి కన్నా చిన్న జిలేబీలు మిగిలి కట్లకు మేత ఉండదు. ఇప్పటికే చేరి ఉంటే ఎండాకాలంలో ఒడ్డు పక్కన సన్నకన్ను విసురు వలకు దొరికినంతా పట్టి తినేయండి, ఒక్కటి కూడా వెనక్కి వదలకండి.

ఒంటి మీద పేను, ఎర్ర పుండ్లు కనిపిస్తే?

చేప పేను పచ్చటి చదునైన చుక్కలా పొలుసుకు అంటుకొని ఉంటుంది, చేప కర్రకు, రాయికి ఒళ్లు రుద్దుకుంటుంది. పేను తన గుడ్లను గట్టి వస్తువుల మీదే పెడుతుంది. గుంటలో అక్కడక్కడ వెదురు బొంగులు పాతి వారానికోసారి తీసి ఎండలో పడేస్తే గుడ్లు ఎండిపోతాయి. మందు కన్నా ముందు ఇది చేయండి. చలికాలంలో కొర్రమీనుకు, పరకలకు వచ్చే ఎర్ర పుండ్లకు చిన్న గుంటలైతే ఎకరానికి 50 నుంచి 80 కిలోల సున్నం రెండు మూడు దఫాలుగా చల్లాలి. పెద్ద చెరువులో మందుల ఖర్చు వృథా, పుండ్లున్న చేపను తీసి పూడ్చేయండి.

మనకు సముద్రమే లేదు. సముద్రపు చేప తరిగితే వరంగల్‌కేంటి?

సముద్రంలోని చేప దాదాపు అంతా పుట్టిన చేపే. అక్కడ పిల్ల వేసేవాళ్లు లేరు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2024 నివేదిక ప్రకారం, 2021 నాటికి సముద్రపు చేప నిల్వల్లో 37.7 శాతం తిరిగి పుట్టే వేగం కన్నా ఎక్కువగా వేటకు గురయ్యాయి. 2022లో మొదటిసారి పెంచిన జలచరాలు (9.44 కోట్ల టన్నులు) వేటాడినవాటిని (9.1 కోట్ల టన్నులు) దాటాయి. మన దేశంలోనైతే చేపలో నాలుగింట మూడు వంతులు నేల మీది నీళ్ల నుంచే వస్తోంది. సముద్రం తగ్గినకొద్దీ బరువు చెరువుల మీద పడుతోంది.

సంతలో ఎండు రొయ్యలు, నెత్తళ్లు కొనే ప్రతి ఇంటికీ ఈ లింకు తెలుసు. మాంసం కొనలేని వారం అవే కూర. తీరంలో వేట తగ్గితే ముందు కరువయ్యేవి అవే. చిన్న సముద్రపు చేపకు ఇంకో గిరాకీ వచ్చింది కాబట్టి: చేపల పిండి. నాలుగైదు కిలోల పచ్చి చేప ఉడికించి, పిండి, ఎండబెడితే ఒక కిలో పిండి వస్తుంది. అది రొయ్యలకు, కొర్రమీనుకు, కోళ్లకు దాణాలో పోతుంది. పశ్చిమాఫ్రికాలో సెనెగల్, గాంబియా, మారిటేనియా తీరాల్లో పేదలు తినే సార్డినెల్లా చేప ఇలాగే పిండి మిల్లులకు పోయి, దాన్ని పొగబెట్టి అమ్ముకునే ఆడవాళ్లకు సరుకు దొరకకుండా పోయింది. పెరూలో ఒక్క ఆంకోవెటా చేప మీదే పిండి పరిశ్రమ నిలబడింది. అతి వేటకు ఎల్ నీనో (పసిఫిక్ సముద్రపు నీళ్లు వేడెక్కడం) తోడై 1972లో ఆ వేట కుప్పకూలింది.

ఇక్కడ మన కట్ల, రవ్వ విలువ తెలుస్తుంది. అవి నీటిలోని సూక్ష్మజీవులను, నాచును తిని పెరుగుతాయి. గుంటలో పెంచినా తవుడు, చెక్క చాలు. ఒక కిలో రవ్వ కోసం సముద్రం నుంచి చేప తీయనక్కర్లేదు. తొట్లలో కొర్రమీను పెంచాలనుకునేవాళ్లు దాణా సంచి మీద మాంసకృత్తుల శాతం చూడండి, 40 దాటి ఉంటుంది. అందులో ఎంత భాగం చేపల పిండో డీలరును అడగండి. సముద్రం సంగతి పక్కన పెట్టినా, పిండి ధర పెరిగిన ఏడు మీ లాభం మొత్తం దాణాకే పోతుంది.

పట్టిన చేప పట్నం చేరేలోపు పాడవుతోంది. ఏం చేయాలి?

ఐస్ తక్కువ వేయడమే కారణం. ఏప్రిల్ ఎండలో కిలో చేపకు కిలో ఐస్ కావాలి. థర్మాకోల్ పెట్టె అడుగున రెండంగుళాలు నలగ్గొట్టిన ఐస్, దాని మీద ఒక వరుస చేప, మళ్లీ ఐస్, పైన మందంగా ఐస్. పెద్ద గడ్డలు వేస్తే చేపకు తగలవు, తగిలినచోట ఒళ్లు చిదుముతుంది. కరిగిన నీళ్లు పోవడానికి అడుగున రంధ్రం ఉండాలి, ఆ మురికి నీళ్లలో నానితే ఐస్ ఉన్నా చేప చెడుతుంది. వల నుంచి తీసి గట్టు మీద కుప్ప పోసి వేలం అయ్యేదాకా ఎండలో ఉంచే అలవాటు ముందు మానండి. ఆ గంటలో పోయిన తాజాదనం ఏ ఐస్‌తోనూ తిరిగి రాదు.

అమ్ముడుపోని చిన్న చేపను ఎండబెట్టడం ఎలా?

కడుపు శుభ్రం చేసి, నాలుగు కిలోల చేపకు కిలో దొడ్డుప్పు పట్టించి ఒక రాత్రి ఉంచండి. పొద్దున ఒకసారి కడిగి, నేల మీద కాకుండా మూడడుగుల ఎత్తున కట్టిన వల మంచె మీద పలచగా పరవండి. కింది నుంచి కూడా గాలి ఆడుతుంది, ఇసుక అంటదు, కుక్కలు రావు. పైన దోమతెర కప్పకపోతే ఈగలు గుడ్లు పెట్టి రెండో రోజుకే పురుగు పడుతుంది. మంచు పడే రాత్రి లోపలికి తీయాలి. రెండు మూడు ఎండలకు బరువు మూడో వంతుకు వచ్చి, వంచితే టప్పున విరిగితే అయినట్టు.

సంఘ సభ్యులకు బీమా, అప్పు సంగతి?

2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద ప్రమాద బీమా ఉంది. మరణానికి, శాశ్వత పూర్తి వైకల్యానికి 5 లక్షలు, పాక్షిక వైకల్యానికి 2.5 లక్షలు, ఆసుపత్రి ఖర్చుకు 25 వేల దాకా. పేరు ముందే నమోదై ఉండాలి. పుట్టి బోల్తా పడ్డాక చేర్పిస్తే చెల్లదు. కిసాన్ క్రెడిట్ కార్డు 2018-19 నుంచి మత్స్యకారులకూ ఇస్తున్నారు. సభ్యత్వ కార్డు, చెరువు లీజు పత్రం, ఆధార్, బ్యాంకు పుస్తకం దగ్గర పెట్టుకోండి. వలలు, ఐస్ పెట్టెలు ఆ అప్పుతో కొనుక్కుంటే వ్యాపారి అడ్వాన్సుతో పని ఉండదు.

పట్టిన చేపలో ఊరికి ఎంత ఉంచాలి?

దీనికి చట్టం లేదు, సంఘమే తేల్చుకోవాలి. లెక్క మాత్రం ఇలా వేసుకోవచ్చు. ఊళ్లో 300 ఇళ్లు, చెరువులో 2,800 కిలోల చేప. నాలుగో వంతు, అంటే 700 కిలోలు ఊళ్లోనే గట్టు ధరకు అమ్మితే ఇంటికి 2 కిలోల పైచిలుకు వస్తుంది. ఒక్కరోజు కాకుండా డిసెంబరు నుంచి మే దాకా నెలకోసారి, పెద్ద కన్ను వలతో కొద్దికొద్దిగా పట్టి ఇస్తే ఇంటికి నెలకో కూర. పట్నం వ్యాపారికి మొత్తం ఒకేసారి తూచి ఇచ్చే రోజున కూడా ముందు తక్కెడ ఊరివాళ్ల కోసం పెట్టండి, లారీ లోడు తర్వాత.